నొప్పి పోయాక మొదలైన పని

భుజం ఆపరేషన్ అయిన మనిషిని ఊళ్ళో అందరూ అడిగేది ఒక్కటే. "నొప్పి పోయిందా?" పోయిందంటే, "మరింకేంది, ఆడరాదు?" నాకు నొప్పి తొందరగానే పోయింది. మళ్ళీ మ్యాచ్‌లో దిగింది మాత్రం ఆ తర్వాత నెలలు గడిచాక. ఆ మధ్యకాలంలో జరిగే పని గురించి మా దగ్గర ఎవరూ మాట్లాడరు. ఆపరేషన్ గురించి మాట్లాడతారు, ఎంత ఖర్చయిందో అడుగుతారు, ఏ డాక్టర్ హస్తవాసి మంచిదో చెప్తారు. చేతిని తిరిగి ఆటకు పనికొచ్చేలా చేసే ఆ పొడుగాటి, బోరు కొట్టే పనిని మాత్రం "ఏవో ఎక్సర్‌సైజులట" అని తేల్చేస్తారు. ఇది ఆ ఎక్సర్‌సైజుల గురించే.

నాది పరకాల దగ్గర ఒక పల్లె. హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడతాను. నా స్థానం రైట్ ఇన్. కబడ్డీ చూసేవాళ్ళకు రైడర్లే గుర్తుంటారు, మా మొహాలు ఎవరికీ గుర్తుండవు. ఏడుగురం నిలబడినప్పుడు రెండు చివర్లలో కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్‌లు ఉంటారు. రైట్ కార్నర్ ఎడమ చేయి, రైట్ ఇన్ కుడి చేయి కలిపి పట్టుకుంటాం. దాన్నే చైన్ అంటాం. రైడర్ లోతుగా రాగానే ఇద్దరం కలిసి ఆమె దారికి అడ్డం పడాలి. ఆమేమో మిడ్‌లైన్ అందుకోవాలని మా చేతుల మధ్యలోకే దూకుతుంది. ఆ క్షణంలో నా చేయి పక్కకు చాపి ఉంటుంది, అరచేయి ముందుకు తిరిగి ఉంటుంది, అవతలి మనిషి బరువు దాన్ని వెనక్కి గుంజుతుంది. భుజం ముందువైపుకు జారాలంటే ఇంతకన్నా అనువైన భంగిమ ఉండదని తర్వాత మా ఫిజియో మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

జారింది నర్సంపేట వైపు ఒక ఊళ్ళో, మట్టి కోర్టు మీద. రైడర్ చైన్ మీద పడింది, కార్నర్ అక్క చేయి వదల్లేదు, నేనూ వదల్లేదు. అంతే. చూసుకుంటే భుజం గుండ్రం పోయి చివర మూల తేలింది, దాని కింద గుంట పడింది. చేయి ఒంటికి ఆనడం లేదు. మూగినవాళ్ళలోంచి ఒక పెద్దాయన, "ఏం గాదు బిడ్డా, చంకల కాలు వెట్టి గుంజితే జబ్బ కూసుంటది" అంటూ ముందుకొచ్చాడు. మా కోచ్ సారు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. "లోపట ఎముక ఇరిగిందో లేదో ఎవ్వలకు తెలుసు కాకా, ఫొటో తీసినంక సూద్దాం" అని చెప్పి, చేతిని ఉన్నదున్నట్టే చున్నీతో కట్టి, కారు మాట్లాడారు.

ఆ తర్వాత ఆస్పత్రిలో చూసిన క్రమం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే సారు ఎందుకు ఆపారో అప్పుడు అర్థమైంది. డాక్టర్ ముందుగా భుజం బయటివైపు చర్మాన్ని దూదితో తాకి "తెలుస్తుందా?" అని అడిగారు. ఆ చర్మానికి వెళ్ళే నరం కీలును చుట్టుకునే పోతుందట, ఎముక జారినప్పుడు అది సాగి దెబ్బతినొచ్చట. తర్వాత మణికట్టు దగ్గర నాడి చూశారు. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని తేల్చుకున్నాకే మత్తిచ్చి ఎముకను లోపలికి పంపారు. పంపాక మళ్ళీ ఎక్స్‌రే. గ్రౌండ్‌లో కాలు పెట్టి గుంజేవాళ్ళకు వీటిలో ఏదీ చేతిలో ఉండదు. ఇంటికొచ్చాక మా పెద్దమ్మ కోడిగుడ్డు సొన పూసి కట్టు కట్టే ఆయన దగ్గరికి తోల్కపోదామంది. బాపు వద్దన్నాడు. రెండు రోజులు అలిగి ఊరుకుంది.

చేతిని మెడకు వేలాడదీసే పట్టీ, అదే స్లింగ్, తీశాక చెప్పిన వ్యాయామాలు చేసి ప్రాక్టీసుకు వెళ్ళాను. తర్వాత ఒకసారి కిక్కిరిసిన బస్సులో పైన రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాను. బ్రేకు పడగానే భుజం సగం జారి, దానంతటదే మళ్ళీ కూర్చుంది. పెద్ద నొప్పేమీ లేదు. కానీ అప్పటి నుంచి ఆ చేయి పైకెత్తాలంటేనే ఒళ్ళు జలదరించేది. జడ వేసుకోవాలన్నా, పై అరలో పుస్తకం తీయాలన్నా ఎడమ చేయే ముందుకొచ్చేది. ప్రాక్టీసులో కూడా ఇలాగే ఒకటి రెండుసార్లు అయ్యింది.

నక్కలగుట్టలో ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నన్ను పడుకోబెట్టి, చేతిని పక్కకు చాపి, మోచేయి మడిచి, అరచేతిని మెల్లగా తలవైపుకు తిప్పారు. కొంతదూరం పోయేసరికి "వద్దు సార్!" అని అరిచాను. నొప్పి పుట్టి కాదు, ఇంకొంచెం తిప్పితే ఊడుతుందనిపించి. ఆయన రెండో చేత్తో భుజాన్ని ముందు నుంచి వెనక్కి నొక్కిపెట్టి మళ్ళీ అదే చేశారు. ఈసారి భయం లేదు. దీన్ని అప్రెహెన్షన్ టెస్ట్ అంటారట. ఎంఆర్‌ఐ చేయించకముందే ఆయనకు సగం సంగతి తెలిసిపోయింది.

లోపల ఏమైందో ఆయన ఓపిగ్గా చెప్పారు. భుజం కీలు అంటే చిన్న గంటెలో పెద్ద నిమ్మకాయ పెట్టినట్టు. గుంత లోతు తక్కువ, ఎముక గుండు పెద్దది. ఏ క్షణంలో చూసినా గుండులో మూడో వంతు కూడా గుంతకు ఆనదు. అందుకే చేయి ఇన్ని వైపులకు తిరుగుతుంది, అందుకే జారుతుంది కూడా. గుంత అంచు చుట్టూ లాబ్రమ్ అనే మెత్తటి కట్ట ఉంటుంది, గుంతను కొంచెం లోతు చేసేది అదే. గుండు ముందుకు జారినప్పుడు ముందు కిందివైపు ఆ కట్ట ఊడిపోతుంది. ఇంగ్లండ్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లో దీని గురించి రాశాడు కాబట్టి బ్యాంకార్ట్ లీజన్ అంటారు. గుండు వెనకభాగం గుంత అంచుకు కొట్టుకుని సొట్ట పడితే అది హిల్-సాక్స్ లీజన్. ఆ పేరు 1940లో దాన్ని వివరించిన ఇద్దరు ఎక్స్‌రే డాక్టర్లది. నాకు రెండూ ఉన్నాయి. సొట్ట చిన్నది, గుంత అంచు ఎముక పెద్దగా అరగలేదు.

ఆపరేషనా, వ్యాయామమా అన్నది ఒక్క పూటలో తేలలేదు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. వయసు ఎక్కువైనవాళ్ళకు, దూకుడు ఆటలు ఆడనివాళ్ళకు చాలాసార్లు వ్యాయామంతోనే సరిపోతుంది. టీనేజీలో, అదీ మనిషి మీద మనిషి పడే ఆటలో జారితే మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువ. ఆపరేషన్ చేసినా మళ్ళీ జారే ప్రమాదం ఎంతో అంచనా వేయడానికి డాక్టర్లు 10 పాయింట్ల లెక్క ఒకటి వాడతారు. 2007లో ఫ్రాన్స్‌లో పెట్టిన లెక్క అది. 20 ఏళ్ళు, అంతకు లోపు ఉంటే 2, పోటీల స్థాయిలో ఆడితే 2, దూకుడు ఆట గానీ చేయి తలపైకి లేపే ఆట గానీ అయితే 1, భుజం కీలు మరీ వదులైతే 1, ఎక్స్‌రేలో సొట్ట కనబడితే 2, గుంత అంచు అరిగితే 2. నాకు అప్పటికి 19. పైగా నా కీళ్ళన్నీ వదులే, భుజం కూడా. బొటనవేలు మడిస్తే ముంజేతికి తగులుతుంది. చిన్నప్పుడు బళ్ళో అందరికీ చేసి చూపించి గొప్పలు పోయేదాన్ని, ఆ వదులే ఇక్కడ లెక్కకొచ్చింది. సొట్ట చిన్నది కావడంతో ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు కాబట్టి నా లెక్క హద్దు దగ్గర ఆగింది. హద్దు బాగా దాటినవాళ్ళకు లాటార్జే అనే వేరే ఆపరేషన్ చేస్తారట, పక్కనున్న ఎముక ముక్కను తెచ్చి గుంత ముందు బిగిస్తారు. నాకు చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో ఊడిన కట్టను తిరిగి అతికిస్తే చాలనుకున్నారు. "కానీ అమ్మా, నేను కుట్టేది ఒక గంట పని. మిగిలిందంతా నీదే" అన్నారు. అప్పుడది డాక్టర్లు అందరితో అనే మాటేనని కొట్టిపారేశాను.

పరీక్షలైపోయాక ఎండాకాలంలో ఆపరేషన్ చేయించుకున్నాం. ఆ ఏడు ఏనుమాముల మార్కెట్లో అమ్మిన పత్తి పైసలు చాలావరకు దానికే పోయాయి. ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగేది తక్కువ, నిద్రలో ఉన్నాను.

తర్వాతి స్లింగ్ రోజుల గురించి మాత్రం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. మే నెల వరంగల్ ఎండలో చంక కింద చెమట పట్టి చర్మం ఒరుస్తుంది. ముందుకు వంగి చేతిని వేలాడదీసి తుడుచుకోవాలి, మెత్తటి బట్ట పెట్టుకోవాలి. బట్టలు తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన చేయి ముందు, తీసేటప్పుడు ఆ చేయి చివర. తలపై నుంచి వేసుకునే టాప్ ఏదీ పనికిరాదు, ముందు గుండీలుండే చొక్కాలే దిక్కు. మా అన్న చొక్కాలన్నీ నావయ్యాయి. పడుకోవడం కుదరక గోడకు మూడు మెత్తలు వేసుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. అమ్మ రోజూ జడ వేస్తూ, "పెండ్లి సంబంధాలోల్లు అడిగితే ఏం జెప్పాలె" అని సణిగేది. ఆ మాటకు జవాబు నా దగ్గర లేదు, ఫిజియోథెరపీలో అంతకన్నా లేదు.

స్లింగ్‌లో ఉన్నన్నాళ్ళూ ఖాళీగా ఉంచలేదు. వేళ్ళు, మణికట్టు, మోచేయి మొదటిరోజు నుంచే కదిలించాలి. కాళ్ళకు సెలవు లేదు: స్క్వాట్లు, నడక, ఒకేచోట ఉండి తొక్కే సైకిల్. భుజాన్ని మాత్రం ఎవరో ఒకరు పట్టుకుని కదిలించాలి తప్ప నేను సొంత బలంతో కదిలించకూడదు. మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడానికి మా డాక్టర్ పెట్టిన హద్దు 30 డిగ్రీలు. అతికించిన కట్ట ఎముకను పట్టుకోవడానికి సుమారు 6 వారాలు కావాలి, గట్టిపడడానికి 12 వారాల దాకా పడుతుంది. ఆ లోపు బయటికి ఎక్కువ తిప్పితే సాగిపోయేది అదే. "చేయి బిగుసుకుపోయిందని ఎవరైనా గుంజి సాగదీస్తామంటే నాకు ఫోన్ చెయ్" అన్నారు ఫిజియో మేడమ్. భుజం జారినవాళ్ళకు మొదట్లో కొంచెం బిగుసుకుపోవడమే మంచిదట, ఆ వదులు తర్వాత మెల్లగా తెచ్చుకోవచ్చట.

స్లింగ్ తీశాక అసలు పని మొదలైంది. నేను డంబెల్స్ ఎత్తిస్తారనుకున్నాను. మేడమ్ నా వీపు మీది రెక్క ఎముకను చూస్తూ కూర్చున్నారు. చేయి లేపినప్పుడు అది పక్కటెముకల మీద జారుతూ పైకి తిరగాలి, ఎందుకంటే గుంత ఉన్నది ఆ ఎముకకే. గుంత సమయానికి తిరక్కపోతే గుండు కింద ఆనిక ఉండదు. నాకేమో చేయి లేపగానే మెడ కండరం బిగిసి భుజం చెవి దాకా పోతోంది. వీడియో తీసి చూపిస్తే నాకే నవ్వొచ్చింది. గోడకు ముంజేతులు ఆనించి మెల్లగా పైకి జరపడం, గోడ పుషప్ అయ్యాక చివర్లో ఇంకొంచెం గోడను తోయడం, బోర్లా పడుకుని రెక్క ఎముకల్ని జేబుల వైపు లాగడం. చూసేవాళ్ళకు ఇవి వ్యాయామాల్లాగే కనబడవు. హాస్టల్లో నా రూమ్మేట్ "నువ్వు గోడకేం చెప్తున్నవే?" అని అడిగేది.

ఆ తర్వాత కీలును చుట్టుకుని ఉండే నాలుగు చిన్న కండరాల వంతు. రొటేటర్ కఫ్ అంటారు. పెద్ద కండరాలు చేతిని విసురుతుంటే, ఈ నాలుగూ గుండును గుంత మధ్యలో పట్టి ఉంచుతాయి. హనుమకొండ చౌరస్తాలో కొన్న రబ్బరు బ్యాండు ఒకటి తలుపు గడియకు కట్టి, చంకలో టవల్ చుట్ట పెట్టుకుని, బయటికీ లోపలికీ లాగడమే. తక్కువ బరువు, ఎక్కువసార్లు. లోపలికి తిప్పే బలం నాకు ఉన్నదే, పట్టుకుని గుంజే ఆట కదా. బయటికి తిప్పే బలమే తక్కువ. బయటి బలం లోపలి బలంలో కనీసం మూడింట రెండు వంతులైనా ఉండాలని మేడమ్ లెక్క.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది బలం పని కాదు, కళ్ళు మూసుకుని చేసే పని. వెల్లకిలా పడుకుని చేతిని నిటారుగా పైకప్పు వైపు పెట్టాలి, కళ్ళు మూసుకోవాలి. మేడమ్ మణికట్టు మీద ఎటు నుంచి పడితే అటు నుంచి చిన్నగా తడతారు, చేయి కదలకూడదు. ఇంకోటి, చేతికి లేజర్ లైటు కట్టి గోడ మీది చుక్కకు గురిపెట్టాలి. చేయి దించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ అక్కడికే తేవాలి. ఎడమ చేయి ఇంచుమించు అక్కడికే వచ్చేది. కుడి చేయి జానెడు దూరంలో ఎక్కడో ఆగేది, నేనేమో సరిగ్గా పెట్టాననే అనుకునేదాన్ని. కట్ట ఊడినప్పుడు కీలు ఎక్కడుందో మెదడుకు చెప్పే నరాల చివర్లు కూడా దెబ్బతింటాయట. బలం ఎంతున్నా, చేయి ఎక్కడుందో తెలియకపోతే కండరం సమయానికి బిగుసుకోదు. చైన్‌లో రైడర్ తగిలేది కూడా చాలాసార్లు మనం చూడనివైపు నుంచే. బంతిని గోడకు ఆనించి అ, ఆలు రాయడం కూడా ఇందులో భాగమే. 'ఋ' దగ్గరికి వచ్చేసరికి చేయి వణికేది.

ఈ దశలోనే నొప్పి పూర్తిగా పోయింది. అసలు కష్టం ఇక్కడే. బకెట్ ఎత్తగలను, బండి నడపగలను, జడ నేనే వేసుకుంటున్నాను. బతుకమ్మ వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు మా ఇంటి తాంబాలం ప్రతి ఏడూ నేనే నెత్తిన పెట్టుకుని చెరువు దాకా తీసుకెళ్తాను. మేడమ్‌ని అడిగితే, "చప్పట్లు కొట్టి ఆడు, తాంబాలం వద్దు" అన్నారు. "మరి పత్తి ఏరొచ్చా మేడమ్?" అంటే, "హాయిగా ఏరుకో" అన్నారు. రోజంతా వంగి పత్తి ఏరొచ్చు కానీ, పావుగంట తాంబాలం మోయకూడదట! మా అమ్మకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. నిజానికి లెక్క సులువే. పత్తి ఏరేటప్పుడు చేయి ఒంటి ముందు, భుజం కన్నా కింద ఉంటుంది. నెత్తి మీద బరువు పట్టుకున్నప్పుడు మోచేతులు పక్కకు, వెనక్కి పోతాయి, గుంపులో ఎవరైనా తగిలితే ఆపుకోవాల్సిందీ అదే కోణంలో. ఎంత పని చేస్తున్నామన్నది కాదు, ఏ కోణంలో చేస్తున్నామన్నదే ఈ భుజానికి ముఖ్యం. పత్తి మాత్రం ఏరించారు, తప్పలేదు.

6 నెలలు దాటకుండా దూకుడు ఆట ఊసెత్తొద్దని డాక్టర్ ముందే చెప్పారు. జూనియర్లు కొందరు దాన్ని "6 నెలలకు ఆడొచ్చు" అని అర్థం చేసుకుంటారు. రెండింటికీ చాలా తేడా ఉంది. 6 నెలలు నిండాక జరిగేది పరీక్ష.

పరీక్షలు ఒక్కటి కాదు. బలం కొలిచే చిన్న యంత్రాన్ని మణికట్టు దగ్గర పెట్టి రెండు చేతుల బలం విడివిడిగా కొలిచారు. బాగున్న చేతిలో 90 శాతం వస్తే చాలంటారు చాలాచోట్ల. మేడమ్ ఒప్పుకోలేదు. "నీది కుడిచేతి వాటం. దెబ్బ తగలకముందు నీ కుడి చేయి ఎడమ కన్నా బలంగా ఉండి ఉంటుంది. ఎడమ దాంట్లో 90 అంటే నువ్వింకా వెనకే ఉన్నట్టు" అన్నారు. నాకు కోపమొచ్చింది కానీ మాట నిజం. తర్వాత నేల మీద బోర్లా పడుకుని, చేయి తలపైకి నిటారుగా చాపి, ఆ తర్వాత ఏటవాలుగా, ఆ తర్వాత పూర్తిగా పక్కకు చాపి అరచేత్తో నేలను నొక్కడం. ఐ, వై, టి ఆకారాలన్నమాట. పెద్ద క్లబ్బుల్లో దీనికి ఖరీదైన ఫోర్స్ ప్లేట్లు వాడతారట. ఇక్కడ బీపీ చూసే పట్టీలో కొంచెం గాలి నింపి అరచేతి కింద పెట్టారు, ముల్లు ఎంత లేస్తే అంత బలం. నాకు టి ఆకారంలో కుడివైపు బాగా తగ్గింది. చైన్ పట్టే కోణం అదే మరి.

ఇంకోటి చూడటానికి ఆటలా ఉంటుంది. నేల మీద 36 అంగుళాల దూరంలో రెండు టేపులు అంటిస్తారు. పుషప్ భంగిమలో ఒక్కో చేయి ఒక్కో టేపు మీద పెట్టి, 15 సెకన్లలో ఒక చేత్తో రెండో చేతిని తాకి రావాలి, మార్చి మార్చి. 21కి తగ్గితే ఇంకా పని ఉందనుకుంటారు. నాకు తాజాగా ఉన్నప్పుడు అది దాటింది. సంబరపడేలోపే మేడమ్ నన్ను జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి రమ్మని, షటిల్ పరుగులు తీయించి, రొప్పుతుండగానే మళ్ళీ చేయించారు. ఈసారి దాటలేదు. కుడి చేయి మీద బరువు వేసిన ప్రతిసారీ రెక్క ఎముక తేలిపోయింది. "మ్యాచ్‌లో చైన్ పట్టేది రొప్పుతున్నప్పుడే కదా" అన్నారు. ఈ ఒక్క మాటకే ఆమె ఫీజు చెల్లిందని నా లెక్క. చల్లని గదిలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు పాసైన భుజాన్ని నమ్మి మ్యాట్ మీదికి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు.

చివరిది ప్రశ్నల కాగితం. కెనడా వాళ్ళు తయారుచేసింది, 21 ప్రశ్నలు. నొప్పి, ఆట, రోజువారీ బతుకు, మనసు, ఇలా నాలుగు భాగాలు. ఒక్కో ప్రశ్నకు ఒక గీత మీద మన పరిస్థితిని గుర్తుపెట్టాలి, ఒక్కోటి 100, మొత్తం 2100. ఎంత తక్కువొస్తే అంత మంచిది. మేడమ్ తెలుగులో చదివి వినిపించారు. నొప్పి భాగంలో నా గుర్తులన్నీ మంచివైపే పడ్డాయి. మనసు భాగంలో ఒక్కటీ పడలేదు. భుజం గురించి ఎంతసేపు ఆలోచిస్తుంటావంటే ఏం చెప్పాలి? బస్సెక్కగానే రాడ్డు వదిలేసి సీటు అంచు పట్టుకుంటాను, గుంపులో కుడివైపు గోడ ఉండేలా నిలబడతాను, నిద్రలో చేయి తలకింద పెడితే ఉలిక్కిపడి లేస్తాను. టెన్షన్ పడే ఆటగాళ్ళు చేయిని సగం వెనక్కి లాక్కుని ట్యాకిల్ చేస్తారట, దెబ్బ అప్పుడే ఎక్కువ తగులుతుందట. అందుకే ధైర్యాన్ని కూడా బలంలాగే మెట్టుమెట్టుగా పెంచాలన్నారు.

మెట్లు కోచ్ సారు, మేడమ్ కలిసి కూర్చుని రాశారు. మా దగ్గర ఇది అరుదు. మామూలుగా డాక్టర్ చీటీ ఒకవైపు, కోచ్ కేకలు ఇంకోవైపు. మొదట పడటం నేర్పారు. చేయి చాపి నేలను ఆపుకోకుండా, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టి దొర్లడం. మోకాళ్ళ మీది నుంచి, తర్వాత నిలబడి, తర్వాత ఎవరైనా తోస్తే. ఆ తర్వాత యాంకిల్ హోల్డ్, అంటే రైడర్ చీలమండ పట్టుకోవడం, అది పెద్ద కష్టం కాలేదు, చేతులు ముందే ఉంటాయి. తర్వాత ప్యాడ్ పట్టుకున్న మనిషికి భుజంతో డ్యాష్, ముందు ఎడమ, తర్వాత కుడి. అన్నిటికన్నా చివర చైన్.

చైన్ మొదట మనిషితో పట్టలేదు. స్టేడియం స్తంభానికి కట్టిన బ్యాండుతో పట్టాను. తర్వాత కార్నర్ అక్కతో, రైడర్ లేకుండా, అడుగులు మాత్రమే. తర్వాత నడుస్తూ వచ్చే రైడర్. తర్వాత పరిగెత్తుతూ వస్తుంది కానీ ఎటు తిరుగుతుందో ముందే చెప్తుంది. ఆఖరుకు చెప్పకుండా. ఒక మెట్టు మీద భుజం భయపెట్టినా, మర్నాడు నొప్పి మిగిలినా, ఒక మెట్టు దిగాలి. ఇక్కడ మేడమ్ పెట్టిన నియమం ఒకటి నేను ఇప్పుడు జూనియర్లందరికీ చెప్తున్నాను: చైన్‌లో మోచేయి కంటికి కనబడాలి. మెడ తిప్పకుండా కంటి కొసకు మోచేయి కనబడుతుందంటే చేయి ఒంటి గీతకు ముందే ఉన్నట్టు. కనబడటం లేదంటే అది వెనక్కి పోయింది, పట్టు వదిలెయ్, పాయింట్ పోతే పోనీ. మోచేయిని బిర్రుగా చాపకూడదు, కొంచెం వంచి ఉంచాలి. దాంతోపాటు చేత్తో గుంజడం కాదు, కాళ్ళతో మూసుకురావాలి. మాకు చిన్నప్పటి నుంచి నేర్పింది దీనికి తలకిందులు: "ప్రాణం పోయినా చెయ్యి ఇడువొద్దు!" మట్టి కోర్టుల మీద కేకలేసి నేర్పిన ఈ మాట వల్ల ఎన్ని భుజాలు ఊడాయో ఎవరూ లెక్కపెట్టి ఉండరు.

అలిసిపోయాక చేసే పరీక్షలో కూడా గీత దాటాకే ఆడొచ్చని మేడమ్ సంతకం పెట్టారు. మొదటి మ్యాచ్‌లో సారు నన్ను సగం ఆట అయ్యాక కోర్టులోకి దించారు. మొదటి చైన్ దాకానే టెన్షన్. రైడర్ తగిలింది, మోచేయి కనబడుతూనే ఉంది, ఆమె మిడ్‌లైన్ అందుకోలేదు. తర్వాత భుజం సంగతి మర్చిపోయాను, ఫౌల్ కోసం రెఫరీతో గొడవ కూడా పెట్టుకున్నాను.

ఇప్పుడు సీజన్ మధ్యలో ఉన్నాం. సారు నన్ను రైట్ ఇన్ నుంచి రైట్ కార్నర్‌కు మార్చారు. కార్నర్‌లో చైన్‌కు ఇచ్చేది ఎడమ చేయి, కుడి చేయి యాంకిల్ పట్టడానికి ఖాళీగా ఉంటుంది. మొదట నాకు అవమానంగా అనిపించింది, ఇంత చేసింది దాక్కోడానికా అని. మేడమ్‌ని అడిగితే, ఆట చోటు మార్చుకోవడం కూడా రీహ్యాబ్‌లో ఒక పద్ధతేనన్నారు. కానీ ప్రాక్టీసులో వారానికోసారైనా ఇన్‌లో నిలబడి కుడి చేత్తో చైన్ పట్టమన్నారు, లేకపోతే భయం మళ్ళీ మొలకెత్తుతుందట. పట్టుకుంటున్నాను. కార్నర్ ఆటలో యాంకిల్ హోల్డ్ పాయింట్లు బాగానే వస్తున్నాయి కాబట్టి సారు నన్ను తిరిగి ఇన్‌కు పంపే మాట ఎత్తడం లేదు. మళ్ళీ బలం కొలిచే పరీక్ష సీజన్ అయిపోయాక ఉంది. ఆ అంకెలు చూసుకుని నేనే అడగాలనుకుంటున్నాను.